కాల్‌కేర్ సీసా

కలకత్తా,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన విమలక్కకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. బావకు వందనాలు, అమ్మకు ముద్దులు, పిల్లలిద్దరికీ చెరో మొట్టికాయ. దేవుడి కృప వల్ల నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, కాళ్ళూ చేతులూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. మీ అందరి ఒళ్ళూ అలాగే కుదురుగా ఉన్నాయని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? నువ్వు నర్సువై ఉండి ఊళ్ళో అందరి మోకాళ్ళూ చూస్తావు గాని ఇంట్లో మోకాలు చూడవని అమ్మ ఫోనులో చాడీ చెప్పింది. కొంచెం చూడు.

నీ ఉత్తరం అందింది. బొబ్బిలి కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు పోస్టు ఖాళీగా ఉందనీ, దరఖాస్తు నింపేసి ఉంచాననీ, నేను ఊ అంటే చాలు బావ వెళ్ళి ఇచ్చేస్తాడనీ రాశావు. నేను ఊ అనీ అనలేదు, ఊహూ అనీ అనలేదు. నీకు కోపం వచ్చిందని తెలుసు. ఫోనులో ఎందుకు చెప్పలేదంటే, ఇక్కడి ఎస్‌టీడీ బూత్‌లో వెనకాల నలుగురు నిలబడి ఉంటారు, మీటరు గిర్రున తిరుగుతూ ఉంటుంది, నిజం చెప్పడానికి నోరు రాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కంగారు పడకు. కంగారు పడాల్సిన సంగతులు ఉన్న మాట నిజమే గాని నువ్వు మటుకు పడకు.

ఇక్కడ వానలు ఆగడం లేదు. వాట్‌గంజ్‌లో మరియమ్మ పిన్ని ఇంటి ముందు సందులో మోకాలి లోతు నీళ్ళు. పాస్టరుగారి మాట మీద నన్ను ఇంట్లో పెట్టుకున్న పిన్నే, వాళ్ళాయన ఓడరేవులో పని చేసి రిటైరయ్యారు. ఆవిడ మాట్లాడేది సగం మన వైపు తెలుగు, సగం బెంగాలీ. రెండిటికీ మధ్య గోడ లేదు, ఎటు నుంచి ఎటైనా వచ్చేస్తుంది. పొద్దున్నే చెప్పులు చేత పట్టుకుని బస్సుస్టాపు దాకా నడిచి, అక్కడ కాళ్ళు కడుక్కుని ఇనిస్టిట్యూటుకి వెళ్తాను. ఉతికిన బట్టలు ఆరవు, ఆరినా ఆరనట్టే వాసన. అన్నం తింటున్నాను, చేప తింటున్నాను, ఆవనూనె వాసనకి ముక్కు లొంగిపోయింది. చిక్కిపోలేదు. ఈ ముక్క అమ్మకి రెండుసార్లు చదివి వినిపించు.

అసలు నువ్వు అక్కడ చేసేదేమిటే, రోగులకి పనికొచ్చేదేనా అని అడిగావు. చెబుతాను, నవ్వకూడదు. సిలికా అని, గాజు జాతి పదార్థం. దానితో కంటికి ఆనని చిన్న గుండ్లు చేస్తారు. సీసాలో ఉంటే నీళ్ళపాలలా కనిపిస్తుంది, అంతే. ఆ గుండ్ల మీద ప్లాస్టిక్ పెరిగేట్టు చెయ్యడం నా పని. టీవీ కొంటే పెట్టెలో తెల్లటి థర్మకోలు వస్తుందే, ఆ జాతి ప్లాస్టిక్. గాజుకీ దానికీ పడదు కాబట్టి ముందు గాజుకి ఒక జిగురు మందు పట్టించాలి. జిగురు చుట్టూతా దిట్టంగా పడితే ప్లాస్టిక్ అన్ని వైపులా బొడిపెలు బొడిపెలుగా లేస్తుంది, మైక్రోస్కోపులో అచ్చం బూందీ లడ్డూ. అలా కాకుండా ఒక్క చోటే పట్టుకుని అక్కడే ఊరిందనుకో, రెండు గింజల వేరుశనగ కాయ అవుతుంది. ఒక గింజ గాజు, ఒక గింజ ప్లాస్టిక్. గాజు వైపు నీళ్ళంటే ఇష్టం, ప్లాస్టిక్ వైపు నూనె అంటే ఇష్టం. నూనే నీళ్ళూ విడిపోకుండా మధ్యలో కూర్చుని రెండిటినీ పట్టి ఉంచుతుంది. రేపు మందుల్లో, రంగుల్లో పనికొస్తుందని నా పరిశోధనకి గైడైన మేడమ్ ఆశ. లడ్డూలు ఎవరైనా చేస్తారు. కోరిన ఆకారం కోరినప్పుడు రావాలి, అదీ మా పరిశోధన.

ఎండాకాలంలో నాకు వేరుశనగలు వచ్చాయి. మా ల్యాబులో అంతవరకు ఎవరికీ రానివి.

గాజు గుండ్లు చేసి, జిగురు పట్టించి, సీసాలో పోసి ఇచ్చేది నా సీనియరు సౌమేన్‌దా. ఇక్కడ మన అన్నయ్యలాగ దాదా అంటారు, పేరు చివర దా చేరుస్తారు. ఆ రోజు వాళ్ళమ్మకి బాగాలేదని కబురొస్తే అతను సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద నుంచి కాల్‌కేర్ సీసా తీసుకోమని నాతో చెప్పాడు. అంటే రేపటి పనికి కలిపి పెట్టుకున్న సీసా అన్నమాట. నేను అదే తీసుకుని, అందులోని గుండ్లు కడిగి, ప్లాస్టిక్ పెంచాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి చూస్తే తెర నిండా వేరుశనగ కాయలు, ఎవరో గంపెత్తి బోర్లించినట్టు. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆ వారం ఇంటికి ఫోను చేసి ఊరికే నవ్వాను, గుర్తుందా? నీకేమైందే అని నువ్వు తిట్టావు.

మేడమ్ ఆ ఫొటో చూసి, పేపరు రాసి, విదేశంలో ఒక పత్రికకి పంపారు. వాళ్ళు బాగుందన్నారు, మరోసారి చేసి ఇంకొన్ని ఫొటోలు పంపమన్నారు. ఇక్కడి నుంచి నా కష్టాలు మొదలు. సౌమేన్‌దా ఊరి నుంచి వచ్చి మళ్ళీ కాల్‌కేర్ సీసా చేసి ఇచ్చాడు. లడ్డూలు వచ్చాయి. ఇంకోటి చేసి ఇచ్చాడు. లడ్డూలే. వేడి మార్చాను, మందు మార్చాను, గాజు సామానంతా యాసిడ్‌తో తోమాను, ఉపవాసం ఉండి ప్రార్థన చేసి మరీ చేశాను. లడ్డూ, లడ్డూ, లడ్డూ. అక్కా, జన్మలో మళ్ళీ బూందీ లడ్డూ తినను.

పోయిన వారం శనివారం మీటింగులో సౌమేన్‌దా నోరు విప్పాడు. శనివారం శనివారం మేడమ్ గదిలో అందరం బల్ల చుట్టూ కూర్చుంటాం, ఎవరి పని వాళ్ళు చెబుతారు. మైక్రోస్కోపు దగ్గర కంప్యూటరులో అన్ని ల్యాబుల ఫొటోలూ ఒకే చోట ఉంటాయి కదా, వేరేవాళ్ళ ఫొటో ఏదైనా కరుణ ఫొటోల్లో కలిసిపోయి ఉండొచ్చునేమో అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. నన్ను కాపాడుతున్నట్టే అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి నావైపు చూసి, వెంటనే చూడనట్టు కాగితాల్లోకి చూశారు. నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. నీకు నా కోపం తెలుసు. కాని ఆ క్షణంలో ఏ భాషలో అరవాలో తెలియలేదు. నోరు తెరిస్తే తెలుగు వచ్చేట్టుంది, మూసుకున్నాను.

మేడమ్ నన్నే చూస్తూ అన్నారు. "ఫలితం మళ్ళీ రావాలి కరుణా. మళ్ళీ రాకపోతే అది ఫలితం కాదు, కథ." ఈ నెలాఖరుకి రాకపోతే పేపరు వెనక్కి తీసుకుంటామనీ, నా ఫెలోషిప్పు పొడిగింపు మీద తను సంతకం పెట్టలేననీ చెప్పారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. సంతకం పెడితే రేపు ఆవిడ పేరు కూడా పోతుంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అప్పటి నుంచి నేను టీ తాగడానికి వెళ్తే కబుర్లు ఆగిపోతున్నాయి. మైక్రోస్కోపు దగ్గర పనిచేసే ఆయన కూడా నా ఫొటోలు తీస్తూ నా మొహం వైపు చూస్తున్నాడు. పనిలో ఓడిపోతే ఏడుస్తాను, మళ్ళీ చేస్తాను. దొంగ అంటే ఏం చెయ్యాలక్కా? నాకే ఒక్కోసారి అనుమానం వస్తోంది, నిజంగా చూశానా లేదా అని. చూశాను. లేచి నిలబడ్డాను కదా.

నీ దరఖాస్తు గురించి నిన్న రాత్రంతా ఆలోచించాను. ఊ అనేస్తే ఈ నెలలోనే రైలెక్కి వచ్చేయొచ్చు. బొబ్బిలిలో పిల్లలకి పాఠం చెప్పుకుంటాను, నీ పక్కన పడుకుంటాను. కాని ఇప్పుడు వస్తే దొరికిపోయి పారిపోయిందని ఇక్కడ అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా నిజం చెప్పాలంటే నుయ్యే, అంటే ఇంటికి వచ్చెయ్యడమే, నయమనిపిస్తోంది. బహుశా ఈ ఉత్తరం చివర ఊ అనే రాస్తానేమో. నువ్వు కంగారు మాత్రం

ఉండు, పిన్ని పిలుస్తోంది. కూరేదో తీసుకోమంటోంది. మళ్ళీ రాస్తాను.


బుధవారం సాయంత్రం

అక్కా, ఆదివారం ఆపేసిన ఉత్తరం ఇవాళ తెరిచాను. ఆత్రంగా రాస్తున్నాను, అక్షరాలు బాగాలేకపోతే సర్దుకుని చదువు. కంగారు పడకు, ఇది మంచి ఆత్రమే.

ఆ రోజు పిన్ని గుమ్మం దగ్గర కూర్చుని చేప తోముతూ, కాల్ కూర పట్టికెళ్ళు అంది. వంటింట్లో పొయ్యి మీద ఒక గిన్నె ఉడుకుతోంది. సోమవారం స్త్రీల సమాజం కూడిక ఉంది, అందుకని మర్నాటికి కూర ఆదివారమే వండి పెట్టుకుంటోంది. కాల్ కూర అంటే రేపటి కూర, అదే కదా అని ఆ గిన్నెలోంచి వేసుకున్నాను. ముక్క ఉడకనే లేదు. పిన్ని వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటే అది? కాల్ కూర తీసుకోమంటే పొయ్యి మీదది కెలికీసినావేటి?"

"ఇదే కదా పిన్నీ, రేపటికి వండుతున్నావు?"

"ఇది రేపటికే. కాల్ కూర జాలీ అలమార్లో ఉంది, నిన్న ఒండినాను గదా."

"మరి రేపటిని కూడా కాల్ అనే అంటావు కదా?"

"అదీ కాలే, ఇదీ కాలే. ఏ కాలో మనిసికి తెలవదేటి?"

అక్కా, నా చేతిలో పళ్ళెం ఉంది. పళ్ళెం అలాగే పట్టుకుని వంటింట్లో కింద కూలబడ్డాను. పిన్ని నాకు కళ్ళు తిరిగాయనుకుని మొహం మీద నీళ్ళు చల్లింది.

మన స్కూల్లో హిందీ మాస్టారు చెప్పింది నీకు గుర్తుందా? కల్ అంటే నిన్న, కల్ అంటే రేపు, ఏదో తెలియాలంటే వాక్యం చివర క్రియ చూసుకోండి అని బెత్తంతో బోర్డు మీద కొట్టి మరీ చెప్పేవారు. బెంగాలీ కాల్ కూడా అంతే. ఆ రోజు మెట్ల మీద సౌమేన్‌దా అన్న మాట "కాల్‌కేర్ బోతల్‌టా నియో." నియో అంటే తీసుకో, ఇకముందు చెయ్యాల్సిన పని. క్రియ ముందుకి చూస్తోంది కాబట్టి కాల్ అంటే రేపే అని నేను మార్కులొచ్చే పిల్లలాగ లెక్క కట్టుకున్నాను. ల్యాబులో రెండు సీసాలున్నాయి. ఒకటి ఫ్రిజ్‌లో ఉంది, ముందు రోజు జిగురు కలిపి రాత్రంతా నాననిచ్చింది. ఇంకోటి బల్ల మీద కలిపే యంత్రంలో తిరుగుతోంది, ఆ పొద్దున్నే కలిపి మర్నాటికని పెట్టింది. అతను ఫ్రిజ్ సీసా అనుకుంటూ చెప్పాడు. నేను బల్ల మీద సీసా తీసుకున్నాను. పొద్దున్నే కలిపిన దానికి జిగురు ఇంకా పూర్తిగా పట్టలేదు, అక్కడక్కడే పట్టి ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ ఒక్క చోటే ఊరింది.

అతను ఊళ్ళో ఉండగానే కరెంటు పోయి ఫ్రిజ్‌లో ఐసు కరిగి కారితే, అందులో సీసాలన్నీ పారబోశాం. అందుకని నేను ఫ్రిజ్ సీసా ముట్టుకోలేదని అతను తిరిగొచ్చాక కనిపెట్టలేకపోయాడు. కాల్‌కేర్ సీసాయే వాడావా అని అడిగాడు, అదే వాడానన్నాను. ఇన్ని వారాలూ ఇద్దరం అదే మాట అనుకుంటూ, అతను నాకు నిన్నటి సీసా ఇస్తూ, నేను రేపటి సీసా అనుకుని పుచ్చుకుంటూ వచ్చాం. నిన్నకీ రేపుకీ రెండు మాటలున్న భాషలో పుట్టడం నా నేరమా చెప్పు.

సోమవారం తలుపు తియ్యగానే సౌమేన్‌దాని అడిగాను, ఆ రోజు చెప్పిన సీసా ఎక్కడుందని. ఫ్రిజ్‌లో అన్నాడు. నేను తీసుకున్నది తిరుగుతున్నదని చెప్పాను. అతను చేతిలో ఉన్న సీసా బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నువ్వు తప్పుగా విన్నావన్నాడు. తప్పుగా వినలేదు, ఉన్నదే విన్నానన్నాను. అప్పుడతను గొంతు తగ్గించి, మేడమ్‌కి ఇప్పుడే చెప్పొద్దన్నాడు. మనిద్దరమే ఒకసారి చేసి చూద్దాం, వస్తే పద్ధతి దిద్ది రాసేద్దాం, ఎవరికీ నష్టం ఉండదు అన్నాడు.

"నాకు ఆ శనివారం మీటింగులోనే నష్టం జరిగిపోయింది దాదా" అన్నాను.

అతని భయం నాకు అర్థం కాకపోలేదు. ఆ పేపరులో మొదటి పేరు అతనిది. థీసిస్ ఇచ్చే సమయం. జిగురు రాత్రంతా నానితేనే వేరుశనగలు వస్తాయని అందులో రాసింది అతనే. అయినా ఆ బల్ల చుట్టూ అందరూ నన్ను చూసిన చూపు నాకు గుర్తొచ్చి, నేరుగా మేడమ్ గదికి వెళ్ళిపోయాను.

మేడమ్ అంతా విన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. నమ్ముతున్నాననీ అనలేదు. తనే కోటు తొడుక్కుని ల్యాబుకి వచ్చి, సోమవారం ఒక సీసా తన చేత్తో కలిపారు. మంగళవారం పొద్దున్న రెండోది కలిపారు. రెండిటి మీదా తనకే తెలిసిన గుర్తులు పెట్టి నాకిచ్చారు. ఏది నిన్నటిదో ఏది నేటిదో నాకు తెలియకూడదట, సౌమేన్‌దాకీ తెలియకూడదట. దొంగని పరీక్షించినట్టే ఉంది అక్కా. కాని నాకు బాధ వెయ్యలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

మంగళవారం రెండు ఫ్లాస్కులూ వేడినీళ్ళ తొట్టిలో పెట్టి ప్లాస్టిక్ పెంచుతున్నాను. సగం పనిలో కరెంటు పోయింది. జనరేటరు నడిపే ఆయన యూనియన్ ఊరేగింపుకి వెళ్ళాడు, గది తాళం ఆయన దగ్గరే ఉంది. నీళ్ళు చల్లబడితే రెండూ పాడైపోతాయి. పాడైతే, చూశారా సాకు చెబుతోంది అంటారు. తొట్టి చుట్టూ నా చున్నీ చుట్టాను, ఫ్లాస్కులు రెండూ చేత్తో ఊపుతూ నిలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు. ఇంతలో సౌమేన్‌దా క్యాంటీను నుంచి పెద్ద కెటిల్‌తో మరుగుతున్న నీళ్ళు మోసుకొచ్చాడు. తొట్టిలో పోశాడు, థర్మామీటరు చూశాడు, మళ్ళీ వెళ్ళి మళ్ళీ తెచ్చాడు. మెట్లు ఎక్కీ దిగీ చొక్కా అంతా తడిసిపోయింది. కరెంటు వచ్చేదాకా మోస్తూనే ఉన్నాడు. ఊరుకుంటే నేను మునిగిపోయేదాన్ని, అతనికి తెలుసు. ఎందుకు మోశాడో ఆలోచిస్తే నా కోపం ఎటు పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఇవాళ రెండూ ఆరబెట్టాను. రేపు మైక్రోస్కోపు మాకిచ్చారు. మేడమ్ పక్కన కూర్చుంటారట. రెండు సీసాలూ లడ్డూలే వస్తే, ముందు దొంగనయ్యాను, ఇప్పుడు దొంగకి తోడు మాటల గారడీ చేసినదాన్ని కూడా అవుతాను. అప్పుడింక దరఖాస్తు విషయం నువ్వు అడగక్కర్లేదు, రైలెక్కి నేనే వచ్చేస్తాను. నా కోసం ప్రార్థన చెయ్యి. ఈ ఉత్తరం నీకు అందేసరికి అది అయిపోయి ఉంటుందని తెలుసు, అయినా చెయ్యి.


శనివారం

అక్కా, వేరుశనగలు.

ముందు పెట్టిన దాంట్లో లడ్డూలే వచ్చాయి. రెండోది పెట్టి, గాలి లాగేసి, తెర మీద బొమ్మ తేటపడేదాకా నేను తల ఎత్తలేదు. పక్కన మేడమ్ ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. అప్పుడు చూశాను. ఒక తల పెద్దది, ఒక తల చిన్నది, ఒకదానికొకటి అతుక్కుని, ఎటు జరిపినా అవే. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది మంగళవారం కలిపిందన్నారు. అంటే అప్పుడే కలిపిన సీసా. మైక్రోస్కోపాయన వాటివి మరో రెండు ఫొటోలు అడక్కుండానే తీశాడు.

తరువాత తన గదిలో నన్నూ సౌమేన్‌దానీ కూర్చోబెట్టి చెప్పారు. రాసిన పద్ధతి తప్పు కాబట్టి పేపరు వెనక్కి తీసుకుంటాం. జిగురు ఎంతసేపు నానితే ఏ ఆకారం వస్తుందో మొదటి నుంచీ చేసి, అప్పుడు రాద్దాం. నా పొడిగింపు మీద సంతకం పెట్టారు. సౌమేన్‌దా థీసిస్ వెనక్కి జరిగింది. అతను తల ఊపాడు, అంతే. అయిపోయిందనుకుని మేడమ్ లేచారు.

నాకు అయిపోలేదు. నన్ను అన్నది ఆ గదిలో ముగ్గురి మధ్య కాదు కదా. అందరి ముందూ అన్నారు. అన్న చోటే అనాలి. గురువారం నుంచి ఇవాళ్టి దాకా అదే నమిలాను. పిన్నికి చెబితే, పోనీలేయే, గెలిసినావు గదా అంది. గెలిచినట్టు నాకే అనిపించనప్పుడు అదేం గెలుపు?

ఇవాళ మీటింగులో మేడమ్ మొదటే ఆ సంగతి ఎత్తారు. ఆకారాల విషయం తేలింది, సీసా దగ్గర చిన్న పొరపాటు జరిగింది అని ఒక్క వాక్యం. వెంటనే స్పిరిట్ అయిపోతోంది, ఆర్డరు ఎవరు పెడతారు అని తరువాతి విషయంలోకి వెళ్ళిపోయారు. బల్ల చుట్టూ పేజీలు తిప్పిన చప్పుడు. నేను లేచి నిలబడ్డాను. ఇంగ్లీషులో చెప్పాలని రెండు రోజులుగా వాక్యాలు కుదుర్చుకున్నాను, అవన్నీ పోయాయి. నాకొచ్చిన ముక్కల బెంగాలీలోనే చెప్పాను.

"ఛొబిటా ఆమార్. షేదినో ఆమార్ ఛిలో."

ఆ ఫొటో నాది, ఆ రోజు కూడా నాదే అని.

బయట వాన పడుతోంది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడే ఉన్నాను. మేడమ్ కలానికి మూత పెట్టి బల్ల మీద పెట్టారు. తరువాతి విషయంలోకి వెళ్ళలేదు. సౌమేన్‌దా వైపు తిరిగి, అలాగే చూస్తూ ఊరుకున్నారు. అతను కిందికి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఒక్క క్షణం, పోనీ వద్దులే అనిపించింది. కాని కూర్చోలేదు.

"ఓర్-ఇ" అన్నాడు. ఆమెదే అని. చిన్న గొంతుతోనే అన్నా అందరికీ వినిపించింది.

అప్పుడు కూర్చున్నాను. తరువాత ఎవరెవరు ఏం మాట్లాడారో నాకు తెలియదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని మా స్టాపు ఖిదిర్‌పూర్ వచ్చేదాకా ఏడ్చాను. కండక్టరు టిక్కెట్టు అడగడానికి రెండుసార్లు వచ్చి రెండుసార్లూ వెనక్కి వెళ్ళాడు.

ఆ దరఖాస్తు ఇంకెవరికైనా ఇచ్చెయ్యి. నేను రావడం లేదు. కోప్పడకు. నేను అబద్ధం ఆడనని నీకు తెలుసు, అమ్మకి తెలుసు, అక్కడ ఎవరినీ నమ్మించక్కర్లేదు. ఇక్కడ ఒక్కొక్కరినీ నమ్మించుకోవాలి. అది కష్టమే గాని, ఇవాళ మొదలైంది. మొదలైనదాన్ని వదిలి రాలేను.

వీలైతే ఎవరైనా ఇటు వస్తుంటే కొత్త చింతపండు పంపు, ఇక్కడిదానిలో పులుపు లేదు. పిన్ని అమ్మని అడిగినట్టు రాయమంది. పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ నా వందనాలు చెప్పు. బావని కాలేజీవాళ్ళకి ఏదో ఒకటి సర్ది చెప్పమను. అమ్మ చేత నా తల మీద చెయ్యి పెట్టించుకున్నట్టే అనుకుని ఈ ఉత్తరం మూస్తున్నాను, దీవించమను.

ఒక్క మాట అక్కా. రాత్రి ప్రార్థనలో నా పేరు చెప్పేటప్పుడు సౌమేన్ పేరు కూడా చెప్పు. వాళ్ళమ్మకి ఇంకా బాగాలేదట. నేను చెప్పాలని రోజూ మోకాళ్ళూనుతున్నాను, అతని పేరు దగ్గరికి వచ్చేసరికి నా నోరు ఆగిపోతోంది. నాకు వచ్చేదాకా నువ్వు చెప్పు.

నీ ప్రేమగల చెల్లెలు,
కరుణ